రేడియో గడియార కార్డు

రేడియో తరంగాల మీద వచ్చే ప్రామాణిక సమయాన్ని అందుకొని కంప్యూటర్ గడియారాన్ని సరిదిద్దే కార్డు ఇది. దీన్ని కంప్యూటర్ లోపలి స్లాట్‌లో అమర్చి, యాంటెన్నాను బయట పెడతారు. ఇలాంటి కార్డు అవసరం క్వార్ట్జ్ స్ఫటికం వల్ల వచ్చింది. మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచే ఆ స్ఫటికం వేడెక్కినకొద్దీ మందగిస్తుంది. 45 డిగ్రీల వద్ద రోజుకు సెకనుకు పైగా వెనకబడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎండల్లో ఏసీ లేని గదిలోని కంప్యూటర్‌కు ఇది చిన్న లోపం కాదు.

తొలి కార్డుల్లో కొన్నింటికి ఆధారం జర్మనీలోని డీసీఎఫ్77 కేంద్రం. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్జ్ మీద 1959లో మొదలైన ఈ ప్రసారంలో 1973 నుంచి తేదీ, సమయం కోడ్ రూపంలో వస్తున్నాయి. సెకనుకోసారి తరంగ బలం తగ్గుతుంది. 0.1 సెకను తగ్గితే సున్నా, 0.2 సెకను తగ్గితే ఒకటి. నిమిషం చివరి సెకనులో తరంగం తగ్గదు, దాన్నిబట్టే కొత్త నిమిషాన్ని కార్డు గుర్తిస్తుంది. ఎంతో పొదుపైన ఏర్పాటు ఇది. అయితే దాని పరిధి సుమారు 2,000 కిలోమీటర్లే కాబట్టి ఆ కార్డు తెలుగు నేల మీద పనిచేయదు.

భారత ప్రామాణిక సమయం 1906లో అమల్లోకి వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. సూర్యాపేటలో సూర్యుడు ఆ సమయం కన్నా సగటున పదకొండున్నర నిమిషాలు వెనక ఉంటాడు, అందువల్ల ఎండపొడను చూసి గడియారం దిద్దుకోవడం కుదరదు. ఇళ్లలో ఆకాశవాణి వార్తల ముందు వినిపించే పిప్‌లతో గోడ గడియారాలు సరిచేసుకునేవారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల 1959లో ఏటీఏ పేరుతో 10 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్‌పై సమయ ప్రసారం ప్రారంభించింది, ఆ తర్వాత ఇన్సాట్ ఉపగ్రహం ద్వారానూ అందించింది.

ఈ ప్రాంతానికి నిజంగా పనికొచ్చినవి ఉపగ్రహాల నుంచి సమయాన్ని అందుకునే జీపీఎస్ కార్డులు. యాంటెన్నా ఉన్న చోటు కచ్చితంగా తెలిస్తే సమయానికి ఒక్క ఉపగ్రహం చాలు. సెకనుకో పల్స్ ఇస్తూ కార్డు మైక్రోసెకను స్థాయిలో కంప్యూటర్‌ను నిలుపుతుంది. మిర్యాలగూడ దగ్గర దామరచర్ల మండలంలో ఉన్న 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వంటి చోట్ల లోపం వచ్చినప్పుడు కరెంటును ఆపే బ్రేకర్లు ఏ వరుసలో పడ్డాయో మిల్లీసెకన్లలో తెలియాలి. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది. దానితో వందల కిలోమీటర్ల దూరంలోని కేంద్రాల రికార్డులను పోల్చి చూడాల్సిన అవసరం మరింత పెరిగింది.

మామూలు ఆఫీసులకు కార్డు అక్కర్లేదు. డేవిడ్ మిల్స్ 1985లో రూపొందించిన ఎన్టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) ద్వారా ఇంటర్నెట్ నుంచే సమయం వస్తుంది. సర్వర్లను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) సమయంతో అనుసంధానించాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. నెట్ తెగినా ఆగకూడని చోట కార్డులే కొనసాగుతున్నాయి. వాటికి భారత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఆధారమవుతోంది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం పరమాణు గడియారం ఉంది.