మాగ్నోలియా రాలిన శుక్రవారం

నచ్చిన వెబ్ పేజీల లింకులు దాచుకోవడానికి, వాటిని నలుగురితో పంచుకోవడానికి ఒకప్పుడు మాగ్నోలియా అనే సైటు ఉండేది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లారీ హాఫ్ మొదలుపెట్టారు. డెలీషియస్ లాంటి పెద్ద సైటు అప్పటికే ఉన్నా, చూడముచ్చటగా ఉందని దీన్నే ఎంచుకుని, ఏళ్లపాటు చదివినదంతా ఇందులోనే దాచుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు.

2009 జనవరి 30, శుక్రవారం. సైటు తెరుచుకోలేదు. దాదాపు అర టెరాబైటు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పాడైపోయింది. బ్యాకప్ లేదా అంటే, ఉంది. గుండె తరుక్కుపోయేది అక్కడే. అది అసలు ఫైళ్లను ఎప్పటికప్పుడు మరో డిస్కులోకి నకలు చేసే ఏర్పాటు మాత్రమే. అసలు ఫైలు చెడింది. చెడిన ఫైలే వెళ్లి మంచి నకలు మీద పడింది. వెనక్కి వెళ్దామంటే పనికొచ్చే పాత ప్రతి లేదు. డిస్కును డేటా రికవరీ నిపుణుల చేతిలో పెట్టి రెండు వారాలకు పైగా ఎదురుచూశారు. ఫిబ్రవరి మధ్యలో తేలింది: ఇక రాదు.

ఆ పతనం శుక్రవారం నాడు మొదలైంది కాదు. బయటికి పెద్ద సంస్థలా కనిపించిన సైటును లోపల మోస్తున్నది దాదాపు హాఫ్ ఒక్కరే. యంత్రాలు కొన్ని యాపిల్ సర్వర్లు, మాక్ మినీలు. డేటాబేసులు నడపడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఒక్కపూట వచ్చి కూర్చున్నా మొదట అడిగేది ఇదే: ఈ బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు? రోజువారీ డంప్ వేరే చోటికి వెళ్తోందా? ప్రమాదానికి ముందు నిమిషం దాకా తెచ్చుకోవడానికి బైనరీ లాగ్‌లు ఉంచుతున్నారా? వెంటవెంటనే నకలయ్యే రెప్లికా ఉందిలే అని ధీమాపడితే కుదరదు, పొరపాటున కొట్టిన డిలీట్ కూడా క్షణాల్లో అక్కడికి చేరుతుంది. చిన్న సైటుకు నిపుణులను జీతమిచ్చి పెట్టుకునే స్థోమత లేకపోవచ్చు, నిజమే. గంటల లెక్కన పిలిపించుకోవచ్చు కదా!

హాఫ్ తప్పించుకోలేదు. బ్యాకప్ విషయంలో తప్పు తనదేనని కెమెరా ముందు ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. వెబ్ క్యాష్‌లలో, ఫీడ్‌లలో మిగిలిన లింకులను సభ్యులు కొందరు ఏరుకున్నారు. వేరే ప్రతి తీసిపెట్టుకోనివాళ్ల ప్రైవేటు లింకులు మాత్రం పోయినట్టే.

ఆ సెప్టెంబరులో సైటు ఆహ్వానితులకు మాత్రమే అంటూ చిన్నగా మళ్లీ తెరుచుకుంది. తర్వాత గ్నోలియాగా పేరు మార్చుకుంది. 2010లో అదీ మూతపడింది.