కారులో చెరువు: వాన నీటి దారి వెతికిన కథ



ఆశ్వయుజం దాటిందంటే మన చెన్నైకి ఈశాన్య ఋతుపవనాలు. ఊళ్ళో తక్కినవాళ్ళకి వర్షాకాలం అయిపోయాక మనకి మొదలవుతుంది. ప్రతి ఏడూ ఈ రోజుల్లోనే సంఘంలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "రాత్రి వాన పడింది, పొద్దున తలుపు తీస్తే కారులో కాళ్ళ దగ్గర నీళ్ళు. ఏ గమ్ము పెట్టించాలి?" వెంటనే పదిమంది పది గమ్ముల పేర్లు చెబుతారు. నాలుగు రోజులు పోయాక అదే కారు, అదే తడి.

ఈసారి గమ్ము సంగతి పక్కన పెట్టి చరిత్ర చెబుతాం. కారులోకి నీళ్ళు ఎందుకొస్తాయో తెలియాలంటే, కారు కట్టేవాళ్ళు నూరేళ్ళకు పైగా వానతో ఎలా వేగారో తెలియాలి. అది తెలిస్తే నీరు ఎక్కడ కారుతోందో సగం తెలిసినట్టే.

ముందు మన పెద్దల సంగతి ఒకటి గుర్తు చేసుకుందాం. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి స్థిరపడ్డ మన కుటుంబాల్లో చాలావాటికి చెరువు కింద సేద్యమే బతుకు. చెరువుకి కట్ట ఒక్కటే ఉంటే చాలదని వాళ్ళకు తెలుసు. పొలానికి నీరు వదలడానికి తూము ఉండాలి, నిండిన నీరు పొర్లిపోవడానికి అలుగు ఉండాలి. తూము పూడితే, అలుగు మూసుకుపోతే, ఎంత బలమైన కట్టకైనా గండి పడుతుంది. ఈ తూము, అలుగు మాటలు మనసులో ఉంచుకోండి. కారు కథంతా వాటి మీదే నడుస్తుంది.

గుర్రబ్బండి నుంచి మోటారు దాకా

మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840లో గుర్రబ్బండ్లు కట్టే సంస్థగా మొదలైంది. బగ్గీలు, కోచీలు కట్టిన వడ్రంగం, తోలుపనే తర్వాత మోటారు బళ్ళకూ పనికొచ్చింది. తొలినాటి కార్లు చాలావరకు పైకప్పు లేనివే. వానొస్తే కాన్వాసు గుడ్డ కప్పు లాగి, పక్కలకు తెరలు కట్టుకునేవారు. తడవడం మామూలే. కానీ నేల చెక్క పలకలతో ఉండేది కాబట్టి లోపలికి వచ్చిన నీరు సందుల్లోంచి కిందికి పోయేది. కారులో నీరు పడటం ఆ రోజుల్లో ఒక రోగంగా ఎవరూ అనుకోలేదు. నిలవడానికి దానికి చోటే లేదు.

1920ల్లో మూసిన కార్లు పెరిగాయి. అయినా కప్పు మొత్తం రేకుతో చేయడం కుదరలేదు. అంత వెడల్పు ఉక్కు రేకును సాగదీసే మిల్లులు అప్పటికి లేవు. అందుకని కప్పు నడిమి భాగాన్ని రసాయనం పూసిన గుడ్డతో మూసేవారు. ఎండకు ఆ గుడ్డ పగిలేది, వానకు కారేది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1935 మోడళ్ళతో మొత్తం ఒకే ఉక్కు రేకు కప్పును తెచ్చింది. దాంతో కప్పు మీద గొడవ చాలావరకు తీరింది. గొడవ అతుకుల దగ్గరికి దిగింది: అద్దం చుట్టూ, తలుపు చుట్టూ, నేల అంచుల్లో.

మన ఊరి హెరాల్డ్

అతుకుల సంగతి వచ్చిందంటే మన చెన్నైలో పుట్టిన స్టాండర్డ్ హెరాల్డ్ గురించి చెప్పుకోవాల్సిందే. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా పెరుంగళత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో ఈ కారును 1961 నుంచి తయారుచేసింది. ఇప్పుడు అక్కడ ఐటీ భవనాలు లేచాయి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చిన ఈ కారుకి రూపం గీసింది ఇటలీవాడు జొవాన్ని మికెలొట్టి.

హెరాల్డ్ ప్రత్యేకత ఏమిటంటే, దాని ఒళ్ళు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపేవారు. దీని వెనక ఒక వ్యాపార కథ ఉంది. అప్పటికి ఇంగ్లండు స్టాండర్డ్ కంపెనీకి కారు బాడీలు చేసిపెట్టే సంస్థను పోటీదారు కొనేశాడు. మొత్తం బాడీని ఒకేచోట వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్ళు లేక, చిన్న చిన్న కర్మాగారాల్లో ముక్కలు చేయించి, చాసిస్ మీద బిగించారు. కప్పు ఊడదీయొచ్చు. ముందు బానెట్ మొత్తం ముక్కులా ముందుకి వంగుతుంది. మెకానిక్కుకి పండగే. మన పాతకాలపు సందుల్లో ఇట్టే తిరిగిపోయేది కూడా.

కానీ ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు, ప్రతి అతుకులో ఒక రబ్బరో, సీలో. రబ్బరు ఎండిందంటే నీరు దారి చేసుకునేది. అందుకే హెరాల్డ్ ఉన్నవాళ్ళు వానలు రాకముందే బోల్టులు బిగించుకోవడం, అతుకులకు కొత్త సీలు పెట్టుకోవడం ఒక ఆనవాయితీ చేసుకున్నారు. నీరు కారడం వాళ్ళకి తెలిసిన లోటు. ఎక్కడెక్కడ కారుతుందో కూడా తెలుసు.

అంబాసిడర్, ఫియట్: కళ్ళెదుట కాలువ

అదే కాలపు అంబాసిడర్, ఫియట్ కార్ల ఫోటోలు మీ ఇళ్ళలో ఉంటే ఒకసారి చూడండి. తలుపుల పైన కప్పు అంచు పొడవునా సన్నని కాలువ కనిపిస్తుంది. కప్పు రేకూ పక్క రేకూ కలిసే అతుకునే వంచి కాలువ చేశారు. కప్పు మీద పడిన వాన ఆ కాలువలో పారి ముందుకో వెనక్కో జారిపోతుంది. తలుపు తీసినా ఒళ్ళోకి కారదు. మన చూరు కింద కట్టే రేకు దోనెలాంటిదే ఇది.

ముందు అద్దాన్ని మందమైన రబ్బరు చట్రంలో కూర్చోబెట్టేవారు. రబ్బరు గాడిలో ఒక తాడు చుట్టి, సబ్బు నీళ్ళు రాసి, అద్దాన్ని బయట నుంచి ఆనించి, లోపల నుంచి తాడు లాగుతుంటే రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఇది ఇద్దరి పని, ఓపిక పని. మన ఎండకి ఆ రబ్బరు కొన్నేళ్ళలో గట్టిపడి కుంచించుకుపోతుంది, మూలల్లో పగులుతుంది. అద్దం కింది మూలలోంచి నీరు వస్తోందంటే రబ్బరు మార్చడమే వైద్యం. పుదుపేటలో పాత సామాన్ల దుకాణాలకి వెళ్ళి రబ్బరు వెతికి తెచ్చుకోవడం ఆనాటి కార్లవాళ్ళకి బాగా అలవాటైన పని.

ఆ తరం కార్లు కారేవి. కాకపోతే కాలువ కంటికి కనిపించేది, రబ్బరు చేతికి అందేది.

కాలువ కనుమరుగైన కాలం

1973 చమురు సంక్షోభం తర్వాత కార్ల కంపెనీలన్నీ గాలి ఒరిపిడి తగ్గించే పనిలో పడ్డాయి. కప్పు అంచు కాలువ, అద్దం చుట్టూ ఉబ్బెత్తు రబ్బరు, ఇవన్నీ గాలికి అడ్డం. 1982లో వచ్చిన ఆడీ 100లో అద్దాలను ఒంటితో సమంగా కలిపేశారు. క్రమంగా లోకమంతా ఆ దారి పట్టింది. మనకి 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాత వచ్చిన తరాల్లో పైకి కనిపించే కాలువ పోయింది, ముందు అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో నేరుగా రేకుకే అతికించడం మామూలైంది.

మరి వాన నీరు ఏమైంది? దాని దారిని లోపలికి మళ్ళించారు. చాలామందికి తెలియని సంగతి ఇదే. కారు తలుపులోకి నీరు రావడం లోపం కాదు. అద్దం పక్క నుంచి నీరు తలుపు లోపలికి దిగుతుంది, తలుపు అడుగున ఉన్న చిన్న చిల్లుల్లోంచి బయటికి పోతుంది. ఆ నీరు కారులోకి రాకుండా తలుపు లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జల్లెడ ఉంది చూడండి, దాని కింద ఒక గుంత. అద్దం మీది నీరంతా అందులో పడి, రెండు పక్కల చిల్లుల్లోంచి ముందు చక్రాల వెనక నేల మీదికి పోతుంది. ఏసీకి, ఫ్యానుకి బయటి గాలి కూడా ఆ గుంతలోంచే వెళ్తుంది. సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ ఒక తొట్టి, మూలల నుంచి కప్పు స్తంభాల లోపలగా కిందికి దిగే సన్నని గొట్టాలు.

ఇవే కారుకి తూములు, అలుగులు. వీటిని చూపించే కాలువ కనబడకుండా పోయేసరికి, వీటిని శుభ్రం చేసే అలవాటు కూడా పోయింది.

ఒక మాస్టారి కారు

మన సభ్యుల్లో విశ్రాంత లెక్కల మాస్టారు ఒకరున్నారు. అమ్మగారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆసుపత్రికి కారే ఆధారం. కిందటి వానల్లో ముందు ఎడమ సీటు కింద నేల తడిసింది, ఆరలేదు, బూజు వాసన పట్టింది. ఆ వాసనకి అమ్మగారికి దారి పొడవునా కడుపులో తిప్పేది. ఒక గ్యారేజీలో ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి డబ్బు తీసుకున్నారు. తడి తగ్గలేదు. ఇంకొక చోట ఏసీ కారుతోందన్నారు, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలన్నారు. మాస్టారు ఆ ఖర్చు తట్టుకోలేక కారు అమ్మేద్దామనుకున్నారు. వచ్చే ధరతో ఇంకో కారు రాదు, ఆటోలో ఆ మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్ళలేరు.

మాలో ముగ్గురం ఒక ఆదివారం వెళ్ళాం. ముందు అడిగింది ఒకటే: "మాస్టారూ, కారు తియ్యని రోజుల్లో కూడా తడుస్తోందా?" రెండు రోజులు కదపకుండా ఉంచిన కారు వాన తర్వాత తడిసిందని చెప్పారు. ఏసీ నీరైతే ఏసీ వేసినప్పుడే వస్తుంది. ఇంజను చల్లబరిచే నీరైతే రంగుగా, జిడ్డుగా ఉంటుంది. ఇది తేటగా ఉంది. కాబట్టి వాన నీరే.

నేల మీది మ్యాట్ లేపి, తుడిచి, పొడి దినపత్రికలు పరిచాం. ఒకరు టార్చితో లోపల కూర్చున్నారు. బయట నుంచి తోట పైపుతో సన్నగా నీళ్ళు వదిలాం. ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్ళాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లా తడిపేస్తుంది, ఎక్కడ దూరిందో తెలీదు. తలుపు అడుగు పది నిమిషాలు తడిపాం, కాగితం పొడిగానే ఉంది. తలుపు అద్దం, తర్వాత ముందు అద్దం అంచు. అప్పటికీ పొడే. వైపర్ల దగ్గరి జల్లెడ మీద నీరు వదిలిన కాసేపటికే లోపల నుంచి కేక వచ్చింది. ఎడమ పక్క ఏసీ ఫ్యాను దగ్గరి నుంచి ధార.

వైపర్లు, జల్లెడ ఊడదీస్తే గుంత నిండా తురాయి ఆకులు. మాస్టారి ఇంటి ముందు పెద్ద తురాయి చెట్టుంది. ఆ చిన్న చిన్న ఆకులు జల్లెడ సందుల్లోంచి దిగి, కుళ్ళి, నల్ల బురదై చిల్లును పూడ్చేశాయి. తూము పూడిన గుంత నిండి, ఫ్యాను గాలి దారిలోకి పొర్లింది. చేత్తో తోడేసి, మెత్తని ప్లాస్టిక్ తీగతో చిల్లు తెరిచి, చెంబెడు నీళ్ళు పోశాం. నీరు చక్రం వెనక నుంచి సర్రున నేల మీద పడింది. అద్దం చుట్టూ పూసిన సిలికాన్‌కి ఈ కథలో పాత్రే లేదు.

పని అక్కడితో అయిపోలేదు. కార్పెట్ కింద స్పాంజిలో నీరు ఇంకా నిండా ఉంది. పైకి పొడిగా కనిపించినా కింద నెలల తరబడి నిలుస్తుంది, రేకుకి తుప్పు, మనిషికి బూజు. సీటు కింద ఎయిర్‌బ్యాగు వైర్లుంటాయి కాబట్టి సీటు మాత్రం తెలిసిన మెకానిక్కు చేత తీయించాం. స్పాంజిని రెండు రోజులు మేడ మీద ఎండబెట్టాం, ఏసీ ఫిల్టరు మార్పించాం. తర్వాతి వానకి మాస్టారే ఫోను చేసి నేల పొడిగా ఉందన్నారు. కారు అమ్మలేదు.

మీరు చేయాల్సింది

వానలకి ముందే, భాద్రపదంలో ఒక పూట దీనికి పెట్టండి. వైపర్ల దగ్గరి జల్లెడ మీద ఆకులు ఏరేయండి. తలుపుల అడుగు చిల్లులు పుల్లతో తెరవండి. డిక్కీలో స్టెప్నీ గుంత, వెనక లైట్ల దగ్గర తడి ఉందేమో చూడండి. సన్‌రూఫ్ గొట్టాల్లోకి ఇనప తీగ గుచ్చకండి, గట్టి గాలి కొట్టించకండి. గొట్టం లోపలే ఊడిపోతే తడి ఇంకా పెరుగుతుంది. మెత్తని తీగే వాడండి. ముందు అద్దం ఈమధ్య మార్పించి ఉంటే, ఆ అతుకు మీద కూడా ఒక కన్నేయండి. వరద నీట మునిగిన కారు సంగతి పూర్తిగా వేరు. దాన్ని స్టార్ట్ చేయకుండా లాగించుకు వెళ్ళండి.

కారుతోందని ఎవరైనా చెప్పగానే "ఏం పూయాలి?" అని అడగడం మానేద్దాం. "నీరు ఎటు పోవాలి, ఎక్కడ ఆగింది?" అని అడుగుదాం. చెరువు కట్ట మీద నడిచిన మన పెద్దలు ముందు అడిగిన ప్రశ్న అదే.

పెరుంగళత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు, ఇంట్లో హెరాల్డ్ నడిపినవాళ్ళు మనలో ఉంటే దయచేసి రాయండి. పాత ఫోటోలుంటే పంపండి. వాననీ రబ్బరునీ మీ ఇంట్లో ఎలా సముదాయించారో వినాలని ఉంది.