చేతి ఖర్చుతో తీసిన సినిమాలు, మన క్యాంపు కుర్రాళ్ళ అర్జీ



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి. మన కుర్రాళ్ళు ఏడుగురు షార్ట్ ఫిల్ము తీస్తామని సంఘానికి అర్జీ పెట్టిన సంగతి అందరికీ తెలుసు. మంటపం రెండు రోజులు, ఒక జనరేటరు, మనుషులకు భోజనాలు, కాస్త డబ్బు అడిగారు. గ్రూపులో రెండు వారాలుగా వాదన నడుస్తోంది. "ఫోన్లు పట్టుకుని గెంతడానికి సంఘం డబ్బా?" అని ఒక బాబాయి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నేను అటూ ఇటూ వాదించకుండా, ఇలా స్నేహితులు కలిసి తక్కువ డబ్బుతో సినిమాలు తీసిన చోట్ల ఏం జరిగిందో నాకు తెలిసినంత రాస్తున్నాను. తర్వాత మీ ఇష్టం.

ముందు రీలు రోజులు. 35 ఎం.ఎం. ఫిల్ము వెయ్యి అడుగుల డబ్బా కెమెరాలో పెడితే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక షాటు మూడుసార్లు తీస్తే మూడింతల ఫిల్ము ఖర్చు. ఆ పైన కడిగించాలి, ప్రింటు వేయించాలి. స్నేహితులు చందాలు వేసుకుని సినిమా తీయడమనేది అప్పట్లో ఇల్లు తాకట్టు పెట్టే పని. అయినా తీసినవాళ్ళున్నారు. 1979 నాటి "మా భూమి" అలాంటిదే. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయన తీసిన మొదటి కథాచిత్రం అది. కథ కిషన్ చందర్ ఉర్దూ నవలది. హీరోగా వేసిన సాయిచంద్ అప్పటికి కొత్తవాడు. గద్దర్ తెర మీద కనపడి పాడిన పాట జనం నోళ్ళలో ఇప్పటికీ ఉంది. దాన్ని కట్టింది సాయుధ పోరాటంలో ఉన్న బండి యాదగిరి.

ఈ సినిమా మన రాయచూరు వాళ్ళకు పరాయిది కాదు. 1956 నవంబరు 1 దాకా మన జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ సినిమాలో కనపడే దొరలు, పటేళ్ళు, నిజాం పాలన ఈ నేలకూ తెలుసు. మన తాతలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి తుంగభద్ర ఎడమ కాలవ కిందికి వచ్చి క్యాంపులు వేసుకోవడం ఆ పాలన పోయాక జరిగిన కథ. డ్యాము పూర్తయింది 1953లో.

తర్వాత వీడియో కెమెరాలు వచ్చాయి. భుజం మీద వి.హెచ్.ఎస్. కెమెరా, పక్కన లైటు పట్టుకునే పిల్లాడు, వెనక పాములా వైరు. మన పెళ్ళిళ్ళన్నీ అలా తీయించుకున్నవే. తలంబ్రాల మధ్యలో గుండె బొమ్మలు తిరగడం, వధూవరులు పూలలోంచి పైకి రావడం గుర్తుంది కదా! నవ్వుకుంటాం గానీ, చిన్న ఊళ్ళలో ఎడిటింగు అనే పని మొదలైంది ఆ పెళ్ళి క్యాసెట్లతోనే.

అలా మొదలైనవాళ్ళలో నాకు బాగా నచ్చిన కథ మహారాష్ట్రలోని మాలేగావ్‌ది. అది మరమగ్గాల ఊరు. మగ్గాలకు శుక్రవారం సెలవు, ఆ రోజు కూలీలందరికీ సినిమానే పండగ. నాసిర్ షేక్ అని ఒకాయన అక్కడ వీడియో పార్లరు నడిపేవాడు. ఆయన 2000లో స్నేహితుల్ని పోగేసి "షోలే"ను తమ ఊరి భాషలో, తమ ఊరి మనుషులతో మళ్ళీ తీశాడు. ఖర్చు యాభై వేల రూపాయలని చెబుతారు. గబ్బర్ కాస్తా రబ్బర్ అయ్యాడు, బసంతి బాస్మతి అయింది (సోనా మసూరి పండించే మనకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది). క్రేను లేదు, ఎద్దులబండి కాడిని పైకి లేపి దాని మీద కెమెరామన్‌ను కూర్చోబెట్టారు. ట్రాలీ లేదు, సైకిల్ మీద కూర్చుని తీశారు. ఊరంతా విరగబడి చూసింది. ఆ తర్వాత వాళ్ళు "సూపర్‌మ్యాన్" తీస్తుంటే ఫైజా అహ్మద్ ఖాన్ వాళ్ళ మీదే ఒక డాక్యుమెంటరీ తీసింది. అందులో సూపర్‌మ్యాన్‌గా వేసిన షఫీక్ మరమగ్గం కూలీ, బక్కపల్చటి మనిషి. డాక్యుమెంటరీకి పేరొచ్చిన కొన్నేళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయాడు. వీళ్ళ కథనే రీమా కాగ్తీ హిందీ సినిమాగా తీస్తే 2025లో థియేటర్లకు వచ్చింది.

మన కుర్రాళ్ళ పాటల వీడియోల గురించి ఇక్కడే చెప్పాలి. అద్దె బుల్లెట్టు బండి, నల్ల కళ్ళద్దాలు, కాలవ గట్టు మీద స్లోమోషన్ నడక. నాకూ నచ్చవు. పైగా సినిమా పాట వెనక పెట్టి యూట్యూబులో పెడితే పాట హక్కులున్న కంపెనీకి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. దానికోసం యూట్యూబు 2007లోనే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు చేసింది. వీడియో ఆగిపోవచ్చు, లేదా దాని మీద వచ్చే డబ్బు కంపెనీకి పోవచ్చు. రాత్రిళ్ళు కూర్చుని ఎడిట్ చేసినవాడికి మిగిలేది కళ్ళ మంట. అయినా మాలేగావ్ వాళ్ళు కూడా అనుకరణతోనే మొదలుపెట్టారని మరిచిపోకండి. వాళ్ళు "షోలే"ను తమ నోటిమాటలోకి మార్చుకున్నారు, మనవాళ్ళు ఇంకా హీరోల నడక దగ్గరే ఉన్నారు. ఈ అర్జీలో మొదటిసారి ఆ నడక లేదు. సొంత కథ, సొంత పాట రాసుకున్నారు. అందుకే ఇంత రాస్తున్నాను.

కెమెరా ఖర్చు తగ్గిన కథ చాలామందికి తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 2008లో క్యానన్ 5డీ మార్క్ 2 అనే ఫోటోల కెమెరా పూర్తి హెచ్.డీ. వీడియో తీయడం మొదలుపెట్టింది. ఒక్కో క్లిప్పు పన్నెండు నిమిషాల దగ్గర ఆగిపోయినా బొమ్మ సినిమాలా ఉండేది. పెళ్ళి ఫోటోగ్రాఫర్ల చేతుల్లోకి అలాంటి కెమెరాలు రాగానే తెలుగులో షార్ట్ ఫిల్ముల వాన కురిసింది. సుజీత్, రాజ్ తరుణ్, తరుణ్ భాస్కర్ అందరూ అటునుంచి వచ్చినవాళ్ళే. 2015లో అమెరికాలో షాన్ బేకర్ "టాంజరీన్" అనే సినిమా మొత్తం ఐఫోన్లతో తీశాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మన పొలం గట్ల మీద కూడా డేటా దొరికింది. ఇప్పుడు అర్జీ పెట్టిన ఏడుగురి దగ్గరా తీయడానికి సరిపడే ఫోన్లున్నాయి. కెమెరాకు వాళ్ళు ఒక్క రూపాయి అడగలేదు, గమనించండి.

మరి ఏం కావాలి? దీనికి మంచి ఉదాహరణ విశాఖపట్నంలోని కంచరపాలెం. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం"కు వెంకటేష్ మహా దర్శకుడు, అది ఆయన మొదటి సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో డాక్టరు, అందులో ఒక పాత్ర కూడా వేసింది. తెర మీద కనపడిన ఎనభై మందికి పైగా ఆ పేటవాళ్ళే. ఇళ్ళు వాళ్ళవే, వీధులు వాళ్ళవే, మాటతీరు వాళ్ళదే. బయట నుంచి నటుల్ని తెచ్చి, సెట్లు వేసి తీస్తే ఎంతయ్యేదో లెక్క కట్టండి. డబ్బుతో కొనాల్సినదాన్ని ఆ పేట అరువిచ్చింది. మన కన్నడంలో "తిథి" కూడా అంతే. మండ్య జిల్లా నొదెకొప్పలు మనుషులే గడ్డప్పగా, సెంచురీ గౌడగా వేశారు. లొకార్నో దాకా వెళ్ళి బహుమతి తెచ్చుకుంది.

తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన "మై విలేజ్ షో" సంగతి మీకు చెప్పక్కర్లేదు. మన ఇళ్ళలో చూడనివాళ్ళు లేరు. అందులోని గంగవ్వ శ్రీకాంత్‌కు అత్తగారు. కూలీ మనిషి. ఆవిడ నోరు తెరిచాకే ఆ ఛానెలుకు ప్రాణం వచ్చిందని నా అభిప్రాయం. ఒక అల్లుడు "అత్తా, కెమెరా ముందుకు రా" అని అడగడం, ఆ అత్త సిగ్గుపడకుండా రావడం చిన్న సంగతేమీ కాదు.

ఇక్కడే మనకు ఇబ్బంది. మాలేగావ్‌లో ఊరి ఆడవాళ్ళు నటించరు. బయట ఊళ్ళ నుంచి డబ్బిచ్చి పిలిపించుకోవాల్సి వచ్చేది. తక్కువ డబ్బు సినిమాలో అది పెద్ద ఖర్చు. మన క్యాంపుల్లోనూ అంతే కదా. ఇప్పటిదాకా కుర్రాళ్ళు పెట్టిన వీడియోలన్నీ వరసగా చూడండి. ఒక్కదాంట్లో తల్లి లేదు, చెల్లి లేదు, నాయనమ్మ లేదు. ఊళ్ళో మగపిల్లలు తప్ప ఎవరూ బతకనట్టు ఉంటాయి. ఈసారి వాళ్ళు రాసుకున్న కథ ఒక ముసలమ్మది. కాలవకు నీళ్ళొచ్చిన కొత్తలో పెనిమిటితో పాటు వచ్చి, రేగడిలో గుడిసె వేసుకుని, కన్నడం రాక సంతలో సైగలతో బేరమాడిన మనిషి. ఆ పాత్ర ఎవరు వేస్తారని అడిగితే వాళ్ళు నేల చూపులు చూశారు. ఒకడు చీర కట్టుకుని తానే వేస్తానన్నాడు!

ఆ కథ నిజంగా జరిగినవాళ్ళు మన క్యాంపుల్లో ఇంకా కొందరున్నారు. ఎనభై దాటినవాళ్ళు. ఆ మొదటి రోజుల ఫోటోలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో మీరే వెతికి చూడండి. మా ఇంట్లో ఒక్కటీ లేదు. వాళ్ళ మాట ఉంది, అంతే. కోస్తా తెలుగు మధ్యలో "సాకు", "హౌదు" దొర్లే ఆ మాట ఇంతవరకు ఏ పెద్ద తెలుగు సినిమాలోనూ నా చెవిన పడలేదు. మన పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. ఈ తెలుగు ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు.

కాబట్టి సమావేశంలో నేను అడగబోయేది ముందే చెప్పేస్తున్నాను. డబ్బు విషయం కమిటీ ఇష్టం, అసలు ఇవ్వకపోయినా గొడవ లేదు. అప్పు చేసి మాత్రం తీయొద్దని కుర్రాళ్ళకు నేనే గట్టిగా చెప్పాను. మంటపం ముహూర్తాలు లేని రోజుల్లో ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. జనరేటరు మా ఇంటిది తీసుకెళ్ళమన్నాను, డీజిలు వాళ్ళది. ట్రాక్టరు, పాత ఎద్దులబండి ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి. కోతలు మొదలుకాకముందే పొలం షాట్లు తీసుకోవాలి. కోత మిషను దిగితే ఆ చప్పుడులో ఒక్క మాటా రికార్డవదు.

ఆ ముసలమ్మ పాత్రకు మా పెద్దమ్మను అడిగాను. "నా మొహం ఎవరు చూస్తార్రా" అంది. కాదని మాత్రం అనలేదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కావాలి, ఒక కోడలు, ఒక మనవరాలు. షూటింగ్ జరిగినంతసేపు మా ఆవిడ అక్కడే ఉంటుంది. పంపే ఉద్దేశం ఉన్నవాళ్ళు గ్రూపులో పెట్టక్కర్లేదు, ఇంటికొచ్చి ఆవిడతో చెప్పండి.