పత్రికా పఠనం: ఒక పరీక్ష, దాని తరువాయి

1920 ఆగస్టు 4వ తేదీన అమెరికాలో 'న్యూ రిపబ్లిక్' అనే వారపత్రిక తన సంచికతోపాటు 42 పుటల అనుబంధం ఒకటి వెలువరించింది. దాని పేరును 'వార్తకు పరీక్ష' అని తెనిగించుకోవచ్చు. రాసినవారు వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ అనే ఇద్దరు యువ పత్రికారచయితలు. ఇద్దరిలో ఎవరూ బోల్షివిక్కులు కారు. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో 1917 మార్చి మొదలు 1920 మార్చి దాకా, మూడేళ్లపాటు రష్యా గురించి వచ్చిన వార్తలన్నీ ముందు వేసుకుని వరసగా చదివారు. వెయ్యికి పైబడిన సంచికలు! ఆ పత్రిక చెడ్డదని దాన్ని ఎన్నుకోలేదు. దేశంలో మేలైన పత్రికగా పేరున్నది గనకనే, అది ఎలా ఉన్నదీ చూస్తే తక్కినవాటి సంగతి చెప్పనక్కర్లేదని.

వారి కొలబద్ద చాలా సులువైనది. సత్యం అంటే ఏమిటి అనే తర్కంలోకి దిగలేదు. ఏ పక్షంవాడూ తర్వాత కాదనలేని సంఘటనలు కొన్ని ఏరుకున్నారు. 1917 జూలైలో రష్యా సేనల దాడి విఫలమైంది. నవంబరులో తాత్కాలిక ప్రభుత్వం కూలింది. 1918 మార్చిలో బ్రెస్ట్‌లిటోవ్‌స్క్ దగ్గర జర్మనీతో సంధి కుదిరింది. కోల్చాక్, డెనికిన్, యుడెనిచ్ ప్రభృతులైన శ్వేత సేనానులు ఓడిపోయారు. 1920 మార్చి నాటికి బోల్షివిక్కులే అధికారంలో ఉన్నారు. ప్రతిరోజూ ఆ పత్రిక చదివిన మనిషికి ఇలా జరగబోతున్నదని తోచేదా, లేక దీనికి సరిగ్గా తలకిందులుగా జరగబోతున్నదని తోచేదా? అడిగిన ప్రశ్న ఇంతే.

తేలినది చూడండి. 1917 నవంబరు నుంచి 1919 నవంబరు దాకా రెండేళ్లలో, సోవియట్ ప్రభుత్వం కూలబోతున్నదనో కూలిపోయిందనో ఆ పత్రిక 91 సార్లు రాసింది. లెనిన్, ట్రాట్‌స్కీ పారిపోయే ప్రయత్నంలో ఉన్నారని నాలుగుసార్లు, పారిపోయారని మూడుసార్లు రాసింది. లెనిన్‌ను మూడుసార్లు జైల్లో పెట్టి ఒకసారి చంపింది కూడా. డెబ్బయ్యేళ్ల తర్వాత, 1991లో, కూలింది గదా అని వేళాకోళమాడేవారుంటారు. రేపు వాన పడుతుందని తొంభైఒక్కసార్లు చెప్పినవాణ్ణి, ఎన్నాళ్లకో పడిన వాన చూపించి జ్యోతిష్కుడని ఎవరూ అనరు.

ఇన్ని అబద్ధాలు ఎవరు అల్లారు? లిప్‌మన్, మెర్జ్‌ల పరిశోధనలో విలువైన భాగం ఇక్కడే ఉంది. కూర్చుని కుట్ర పన్నిన వాడెవడూ వారికి కనిపించలేదు. విలేఖరులూ సంపాదకులూ జరగాలని ఆశించినదీ, జరుగుతుందేమోనని భయపడినదీ వార్తగా మారింది. పెద్ద సెన్సారు అధికారి వారి మనస్సులోనే కూర్చుని ఉన్నాడు. అక్కడినుంచి తక్కిన పని సులువు. రష్యా వార్త రష్యా బయట పుడుతుంది. దేశం వదిలి వచ్చిన జమీందారో, మాజీ మంత్రో చెప్పినమాట 'విశ్వసనీయ వర్గాల' మాట అవుతుంది. పేరులేని ఉన్నతాధికారి ఒకడు దాన్ని ధ్రువపరుస్తాడు. ఆపైన శీర్షిక పెట్టేవాడు 'అట' అనే మాట కొట్టేస్తాడు. మన భాషలో ఆ ఒక్క 'అట' ఎంత బరువు మోస్తుందో తెలుగు చెప్పుకునే నావంటివాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో మనవాళ్లకు అందిన రష్యా వార్తకూడా ప్రధానంగా ఇటువంటి దోవలోనే వచ్చింది. 1870లో రాయిటర్, హవాస్, వుల్ఫ్ అనే మూడు వార్తాసంస్థలు ఒప్పందం చేసుకుని ప్రపంచాన్ని పంచుకున్నప్పుడు, ఇండియా రాయిటర్ వాటాకు పడింది. బందరులో కృష్ణాపత్రిక, మద్రాసులో 1914 నుంచి దినపత్రికైన ఆంధ్రపత్రిక సామ్రాజ్యాన్ని ఎదిరించి ఎంత రాసినా, విదేశవార్తకు మాత్రం లండను తంతి మీద ఆధారపడవలసి వచ్చేది. సంపాదకీయం మనది, తంతి వాళ్లది.

ఈ కథను నేను తరగతిలో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. పెట్టుబడిదారీ పత్రిక స్వరూపం ఇదీ అని ముగిస్తే గంట కొట్టేవారు. ఒకనాడు వెనక బల్లమీద అమ్మాయి లేచి, "మాస్టారూ, అదే పత్రిక రష్యా విషయంలో ఇటువైపు కూడా ఎప్పుడైనా పొరబడిందాండీ?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. తెలిసీ ఆ పూట దాటవేశాను. ఈ వ్యాసం ఆ జవాబుకోసమే రాస్తున్నాను.

వాల్టర్ డ్యూరంటీ 1922 నుంచి 1936 దాకా మాస్కోలో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి. పంచవర్ష ప్రణాళిక మీద రాసిన వార్తలకు 1932లో పులిట్జర్ బహుమతి పొందినవాడు. 1932-33లో ఉక్రెయిన్‌లోనూ, ఉత్తర కాకసస్, కజక్ ప్రాంతాల్లోనూ ఘోరమైన కరువు వచ్చింది. ధాన్యం బలవంతంగా వసూలు చేయడం, సమష్టి వ్యవసాయంలోకి రైతులను తోసుకుపోవడం దాన్ని కరువుగా మార్చాయి. చనిపోయినవారు యాభై లక్షలకు తగ్గరు. గరెత్ జోన్స్ అనే వేల్స్ దేశపు యువకుడు 1933 మార్చిలో రైలు దిగి ఉక్రెయిన్ పల్లెల వెంట కాలినడకన తిరిగి, 29వ తేదీన బెర్లిన్‌లో తాను చూసినది పత్రికలవారికి చెప్పాడు. రెండు రోజులు తిరక్కుండానే, 31వ తేదీన, డ్యూరంటీ ఖండన అచ్చయింది. ఆహారపు కొరత ఉన్నమాట నిజమేననీ, ఆకలిచావులు మాత్రం లేవనీ, పోషణలోపంవల్ల కలిగిన జబ్బులతో మరణాలు విస్తారంగా ఉన్నాయనీ ఆ ఖండన సారాంశం.

ఈ వాక్యాన్ని మరోసారి చదవమంటాను. ఇందులో చచ్చినవాళ్లు ఉన్నారు, ఆకలి ఉంది. రెంటినీ కలిపే ముడి ఒక్కటే లేదు. ఈ వాక్యం మనకు కొత్తదికాదు. మన దేశంలోనూ ఆకలిచావు అన్న ఫిర్యాదు వచ్చినప్పుడల్లా కచేరీలనుంచి 'అనారోగ్యంతో మరణం' అనే జవాబు రావడం వింటూనే ఉన్నాం. మనం దాన్ని చీల్చి చెండాడతాం. మాస్కోనుంచి వచ్చినప్పుడు చాలామంది అభ్యుదయవాదులు దాన్ని నమ్మారు, ఎంచేతనంటే నమ్మాలని ఉంది. 1919లో ధనికవర్గపు పాఠకుడు కోల్చాక్ విజయాలను నమ్మినదీ ఇందుకే.

డ్యూరంటీ మోసపోయాడా అంటే, అదీ లేదు. అదే సంవత్సరం సెప్టెంబరు చివర, మాస్కోలో బ్రిటిష్ రాయబార కార్యాలయంవారితో మాట్లాడుతూ, తిండిలేక కోటిమందిదాకా చనిపోయి ఉండవచ్చునని తానే చెప్పాడు. ఆ మాట ప్రభుత్వ నివేదికలోకి ఎక్కింది, పత్రికలోకి ఎక్కలేదు. మాస్కోలో ఉండాలంటే అనుమతి కావాలి. తంతి పంపాలంటే సెన్సారువాడి ముద్ర కావాలి. పెద్దల దర్శనం దొరకాలంటే వారికి ఇష్టుడై ఉండాలి. 1919 విలేఖరి రష్యాకు దూరంగా ఉండి చెడిపోయాడు. 1933 విలేఖరి మరీ దగ్గరగా ఉండి చెడిపోయాడు.

జోన్స్ జవాబును ఆ పత్రిక మే 13న ఉత్తరంగా అచ్చువేసింది. రెండేళ్లకు, 1935లో, ముప్ఫయ్యో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, చైనా ఉత్తరభాగంలో బందిపోట్ల చేతిలో అతను చనిపోయాడు. డ్యూరంటీ బహుమతిని రద్దుచేయాలన్న కోరికను పులిట్జర్ సంఘం 2003లో తోసిపుచ్చింది. మెర్జ్ సంగతి మరీ తమాషా. న్యూయార్క్ టైమ్స్‌ను అంతగా ఉతికిన ఆయనే 1938 నుంచి 1961 దాకా అదే పత్రికలో సంపాదకీయ పుటకు అధిపతి.

ఆ అమ్మాయికి జవాబు మరుసటివారం చెప్పాను. తర్వాత తరగతి అంతా కలిసి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. మా ప్రాంతంలో ఒక కాలువ ఉంది; వచ్చే సార్వాకు నీళ్లు వస్తాయని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఏ పత్రిక ఎన్నిసార్లు రాసింది, ఎవరు చెప్పారని రాసింది, చెప్పినవాడికి పేరుందా లేదా, గ్రంథాలయంలో పాత సంచికలు తిరగేసి లెక్కకట్టాలి. అధికారపక్షం పత్రికకూ, ప్రతిపక్షం పత్రికకూ వెంటనే చేతులు లేచాయి. మన పత్రిక వంతు ఎవరు తీసుకుంటారని అడిగినప్పుడు కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బల్లమీది అమ్మాయే తీసుకుంది.