క్రైస్తవ కుటుంబము - వీలునామా చరిత్ర

క్రైస్తవుని ఆస్తి అతని మరణానంతరము ఎవరికి చెందవలెను? 19వ శతాబ్ది మధ్యకాలము వరకు మన దేశములో దీనికి స్పష్టమైన చట్టము లేదు. ఆ లోటు ఎంత బాధ కలిగించినదో బళ్లారి వ్యాజ్యము తెలుపుచున్నది.

బళ్లారి వాస్తవ్యుడైన మాథ్యూ అబ్రహాం అను క్రైస్తవుడు వ్యాపారమున ధనము గడించి, 1842లో వీలునామా వ్రాయకయే మరణించెను. ఇది ఉమ్మడి ఆస్తి గనుక తనకు వాటా కలదని తమ్ముడు ఫ్రాన్సిస్ వాదించెను. తన భర్త స్వార్జితమని భార్య చార్లెట్ వాదించెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1863లో గాని తేలలేదు. మతము మారిన వ్యక్తి హిందూ ధర్మశాస్త్రమును విడువవచ్చును, లేదా ఆచారముగా నిలుపుకొనవచ్చును. అతని జీవిత విధానమే దానికి సాక్ష్యమని తీర్పు వచ్చెను. ఉమ్మడి కుటుంబ వాదన నిలువలేదు. ఒక్క కాగితము లేనందున 21 సంవత్సరములు గడచెను!

అటు తరువాత 1865లో భారత వారసత్వ చట్టము వచ్చెను. నేడు అమలులోనున్నది 1925 నాటి చట్టము. వీలునామా లేనిచో భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా చెందును. కుమారుడు, కుమార్తె అను భేదము లేదు. "పెండ్లిలో ఇచ్చితిమి గదా" అని కుమార్తె వాటా తగ్గించుటకు వీలులేదు. తండ్రి బ్రతికియుండగా ఇచ్చినది లెక్కకు రాదని 49వ సెక్షను చెప్పుచున్నది. తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు మాత్రము ఈ హక్కు 1986లో, మేరీ రాయ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పుతో లభించెను.

పూర్వము క్రైస్తవుని వీలునామా కోర్టులో చెల్లుటకు ప్రొబేటు, అనగా అది నిజమైనదని న్యాయస్థానము ఇచ్చు ధ్రువీకరణ, తప్పనిసరి. 2002 సవరణ ఆ భారమును తొలగించెను. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యములకు ఆస్తి వ్రాసినచో, ఆ వీలునామా మరణమునకు 12 నెలల ముందే వ్రాసినదై యుండవలెనను నిబంధనను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసెను.

వీలునామా వ్రాయుట కష్టమేమియు కాదు. స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని, చేయించుట మేలు. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువారిని గాని, వారి భార్యను లేక భర్తను గాని సాక్షిగా పెట్టరాదు. పెట్టినచో వారికి వ్రాసినది చెల్లదు. వివాహమునకు ముందు వ్రాసినది వివాహముతో రద్దగును; మరల వ్రాయవలెను.

సంఘ పెద్దలారా, వీలునామా ధనవంతులకే అని తలంచకుడి. రెండు గదుల ఇల్లు, ఎకరము పొలము ఉన్నను చాలును. మన వెనుక విధవరాలు, పిల్లలు కోర్టు మెట్లు ఎక్కకుండ ఆరోగ్యముగా ఉన్నపుడే వ్రాసిపెట్టుట కుటుంబమునకు మనము చేయగల ఉపకారము.