నంద్యాలను విడదీయగలమా?

ఇంగ్లీషులో జంటమాటను కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్న పేచీ పాతదే. ‘టుడే’ అన్న మాట మధ్య ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా అడ్డగీత కనిపించేది. మన దగ్గర ఆ తీర్పు నోరే చెప్పింది. నంది ఆలయమే నంద్యాల అయిందని వాడుకలో ఉన్న వివరణనే తీసుకోండి: ‘ది’లోని ఇకారం యకారమై ‘ద్యా’లో కరిగిపోయింది, చివరి ‘యం’ రాలిపోయింది. యణాదేశ సంధి వేసిన ఆ అతుకు దగ్గర ఖాళీ వదలడానికి చోటే లేదు. ఇదే న్యాయం ఇంగ్లీషు మాటకూ వర్తిస్తుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లు దిగేది బస్టాండులో. ‘బస్ స్టాండ్’లోని రెండు సకారాల్లో ఒకటి పోయాక విడదీసి రాయడమంటే, పలకని అక్షరాన్ని వెనక్కి తేవడమే. రైల్వే స్టేషన్‌లో అలా ఏదీ పోలేదు, అది విడిగానే ఉండనిద్దాం.

కలిపితే పిల్లలు చదవలేరంటారు. పొడవాటి సమాసాల విషయంలో ఆ మాట నిజమే. కానీ అహోబిలం శాసనాల్లాంటి పాతరాతల్లో మాటల మధ్య ఖాళీలు లేకుండానే అక్షరాలు బారులు తీరాయి. ఖాళీ అన్నది అచ్చుతో స్థిరపడిన సౌకర్యం. ఆ సౌకర్యం కోసం మాటను విరవకూడదు. బోర్డులు రాసేవారికీ పాఠాలు అచ్చువేసేవారికీ ఒక మనవి: ముందు పైకి పలికి చూడండి, అతుకు వినిపించకపోతే కలిపే రాయండి.