చక్రాల కుర్చీ నుంచి సముద్రగర్భం దాకా

ఉద్దానం పరిసరాల్లో పనిచేసిన వైద్యులకు కొబ్బరిచెట్టు రెండు విధాలుగా గుర్తుంటుంది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టే చెట్టు అది. దింపు తీస్తూ కాలుజారినవారిని ఆసుపత్రికి పంపే చెట్టు కూడా అదే. 1980లలో సంతబొమ్మాళి వైపు పల్లె నుంచి అలా పడిపోయిన ఒక యువకుణ్ణి నులకమంచం మీద మోసుకొచ్చారు. వెన్నుపూస విరిగి, వెన్నుపాము నలిగిపోయింది. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు.

భావనపాడు అలల్లో ఈత నేర్చుకున్నవాడు అతను. కొన్ని వారాల తరువాత నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "ఒక్కపాలి సముద్రంలో దిగితే ఏటవుద్ది, డాక్టరు బాబూ?" నేను క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ మాట మరచిపోవయ్యా" అన్నాను. మూడేళ్లు తిరగకముందే పక్కపుండ్లతో, మూత్రపిండాలకు సోకిన ఇన్ఫెక్షన్‌తో అతను మరణించాడు. సముద్రంలో దిగి కాదు, మంచం మీదనే.

ఆ రోజు నేనిచ్చిన జవాబు తప్పు. అప్పటికే ప్రపంచంలో కొందరు ఆ ప్రశ్నకు వేరే జవాబు కనుగొన్నారు. ఆ చరిత్రను ఇప్పుడు మీకు చెబుతాను.

మంచం దిగిన రోజులు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెన్నుపాము తెగిన సైనికుల్లో అత్యధికులు కొద్ది వారాల్లోనో నెలల్లోనో మరణించేవారు. వారిని చంపింది వెన్నుదెబ్బ కాదు. కదలకుండా పడుకోవడం వల్ల వచ్చే పుండ్లు, మూత్రాశయంలో చేరే సూక్ష్మజీవులు. ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నవాడు లుడ్విగ్ గుట్‌మాన్. నాజీల హింస నుంచి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగం ఆయన చేతుల మీదుగా మొదలైంది. ఆయన చికిత్సలో అద్భుతమైన మందేమీ లేదు. రోగిని రాత్రింబవళ్లు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, మూత్రం విషయంలో శుభ్రత పాటించడం, వీలైనంత త్వరగా కూర్చోబెట్టడం, చేతికి పని కల్పించడం. అంతే. చనిపోతారనుకున్నవారు బతికారు.

బతికినవారు ఊరికే కూర్చోలేదు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఆ ఆసుపత్రి పచ్చికలో 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చొని విలువిద్యలో పోటీపడ్డారు. అదే పెరిగి పెద్దదై 1960లో రోమ్ నగరంలో 23 దేశాల క్రీడోత్సవమైంది. ఆ పోటీల్లో ఈత కూడా ఉంది.

నీళ్ల విలువ అంతకుముందే తెలిసినవాడు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. 1921లో జబ్బుపడి కాళ్లు చచ్చుబడిన ఆయన, 1924 నుంచి జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ వేడినీటి కొలనుకు వెళ్లేవాడు. నేలమీద నిలబడలేని కాళ్లు నీటిలో ఆయనను నిలబెట్టాయి. నీరు శరీర బరువును మోస్తుంది. చక్రాల కుర్చీ చేయలేని పని అది.

మన దేశంలో ముందు నడిచినవారు

వైద్యం కోసం వెల్లూరు వెళ్లిన తెలుగువారు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. ఆ క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆమె వృత్తి మానలేదు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యం చదువుకొని తిరిగివచ్చి, 1960లలో వెల్లూరులో ఆ విభాగాన్ని నిర్మించారు.

1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద పట్టుకోల్పోయిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్. చికిత్సలో భాగంగా ఈత సాధన చేశాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచాడు. దయచేసి ఆ సంవత్సరం గమనించండి. నేను ఆ యువకుడికి "మరచిపో" అని చెప్పేనాటికి ఆ పతకం వచ్చి చాలా ఏళ్లయింది.

నీటి అడుగుకు

1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ కలిసి నీటి కింద ఊపిరి తీసుకునే పరికరాన్ని రూపొందించారు. స్కూబా సిలిండరులో ఉండేది ప్రాణవాయువు మాత్రమేనని చాలామంది పొరబడతారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తిడితో నింపినది. కాళ్లతో పని లేకుండా చేతులతోనే కదలవచ్చుననే సంగతి త్వరలోనే అనుభవంలోకి వచ్చింది.

దానికొక పద్ధతి కల్పించినవాడు అమెరికాకు చెందిన జిమ్ గటేకర్. 1981లో కాలిఫోర్నియాలో వికలాంగుల స్కూబా సంఘాన్ని స్థాపించాడు. అతని విధానంలో ప్రధానమైన ప్రశ్న జబ్బు పేరు గురించి కాదు. "ఆపదలో తనను తాను కాపాడుకోగలడా? తోడు వచ్చినవారిని కాపాడగలడా?" రెండూ చేయగలిగినవారికి ఒక తోడు చాలు. తన్ను తాను చూసుకోగలిగినా ఇతరులకు సాయపడలేనివారికి ఇద్దరు తోడుండాలి. ఇంకా ఎక్కువ సాయం కావలసినవారికి ఆ ఇద్దరిలో ఒకరు రక్షణలో శిక్షణ పొందినవారై ఉండాలి. వైద్యుడిగా నాకు ఈ కొలమానం ఎంతో నచ్చింది. నేను ఆ యువకుణ్ణి "ఏం పోయింది?" అని మాత్రమే పరీక్షించాను. "ఏం మిగిలింది?" అని అడగలేదు.

2012లో బ్రిటన్ కళాకారిణి సూ ఆస్టిన్ ప్రొపెల్లర్లు అమర్చిన చక్రాల కుర్చీతోనే నీటి అడుగున విహరించింది.

సరదా పడేవారికి వైద్యుడి మాట

నేడు మన విశాఖ రుషికొండలోను, అండమాన్‌లోను స్కూబా శిక్షకులు ఉన్నారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు సెలవులకు వెళ్లి నీటిలో దిగదలిస్తే ఈ విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఛాతీ పైభాగంలోగాని మెడలోగాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి హఠాత్తుగా రక్తపోటు పెరిగి, తీవ్రమైన తలనొప్పి, చెమటలు రావచ్చు. నిండిన మూత్రాశయం, బిగుతైన దుస్తులు దానికి కారణాలు కావచ్చు. దిగేముందు మూత్రాశయం ఖాళీ చేసుకోవాలి. నీళ్లు మాత్రం మానకూడదు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తారమో మీకు తెలుసు. ఆ పరీక్షలు ముందే చేయించుకోవాలి.

రెండు: స్పర్శ లేని కాళ్లకు పడవ చెక్క గీసుకున్నా, ఎండకు కాలిన ఇసుక అంటినా తెలియదు. పైకి వచ్చాక చర్మాన్ని అంగుళం అంగుళం చూడాలి. చలి కూడా త్వరగా పట్టేస్తుంది.

మూడు: ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఊపిరి బిగబట్టకూడదు, తొందరగా పైకి రాకూడదు. వేగంగా వస్తే రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడి వెన్నుపామునే దెబ్బతీయవచ్చు. ఇప్పటికే తిమ్మిరి ఉన్నవారిలో ఈ కొత్త తిమ్మిరిని గుర్తించడం కష్టం. కాబట్టి స్పర్శ ఎక్కడిదాకా ఉందో ప్రయాణానికి ముందే వైద్యునిచేత పరీక్షింపజేసి కాగితం మీద రాయించుకోండి. డైవింగ్ తరువాత కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కవద్దు.

మూర్ఛ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుని లిఖితపూర్వక అనుమతి లేకుండా దిగరాదు. భావనపాడు వంటి అలలు విరిగే తీరంలో శిక్షకుడు లేకుండా ఎవరూ ప్రయత్నించరాదు.

చివరి వంద గజాలు

కానీ చాలామందికి సమస్య సముద్రపు లోతు కాదు, ఒడ్డునున్న ఇసుక. రైలు మెట్లు, బస్సు గుమ్మం, వసతిగృహపు స్నానాలగది, అన్నీ దాటి వచ్చినా ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. 2022 నవంబరులో చెన్నై మెరీనాలో నీటి సమీపం దాకా చెక్క బాట వేశారు. కొద్ది రోజులకే మాండౌస్ తుపాను దానిని దెబ్బతీసింది. మళ్లీ బాగుచేశారు. తిత్లీని చూసిన మనకు తుపాను సాకు కాదని తెలుసు. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోలేదా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది.

ఇప్పుడు సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవు పనులు మొదలయ్యాయి. పెద్ద ఓడలకు దారి వేస్తున్న తీరంలో, ఒక చక్రాల కుర్చీ నీటి అంచుదాకా వెళ్లే చెక్కబాట వేయడం భారమైన పని కాదు.

మీ ఊరిలో చెట్టుమీద నుంచి పడి మంచాన ఉన్నవారుంటే ఈ వారం వెళ్లి చూడండి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారో లేదో అడగండి. పుండ్లున్నాయేమో చూడండి. తరువాత, అతనికి ఎక్కడికి వెళ్లాలని ఉందో అడగండి. నేను అడగవలసిన ప్రశ్న అదే.